గోదావరి డెల్టాలో పాతకాలపు హోటళ్లు: వెతకడం, గుర్తుపట్టడం, తినడం

పోయిన సంక్రాంతికి ముందు హైదరాబాదు మిత్రుడొకడు ఫోను చేసి, "మీ గోదావరి వైపు పాతకాలపు హోటళ్లు ఉంటాయటగా, తిప్పి చూపించు" అన్నాడు. మొదటి సాయంత్రం హైవే పక్కన పల్లెటూరి అలంకరణతో ఉన్న ఒక రెస్టారెంటుకు తీసుకెళ్లాను. గేటు దగ్గర ఎడ్లబండి చక్రాలు, గోడలకు లాంతర్లు, మూలన గ్రామఫోను. ముప్ఫై ఫొటోలు తీసుకున్నాడు. మర్నాడు తెల్లవారగానే రాజమండ్రిలో బోర్డు మీద అక్షరాలు సగం వెలిసిపోయిన ఒక టిఫిన్ హోటల్లో కూర్చోబెట్టాను. చుట్టూ చూసి, "ఇందులో పాతకాలం ఏముంది?" అన్నాడు. పెసరట్టు వచ్చేదాకా నేను మాట్లాడలేదు.

అట్టు వచ్చాక అతనూ మాట్లాడలేదు. ఆ రెండు చోట్లకూ తేడా ఏమిటో, రెండోరకం చోటును ఎలా వెతుక్కోవాలో తర్వాత చాలామంది అడిగారు. అడిగినవారికల్లా చెబుతున్నదే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు మాటలు సరిచూసుకోండి

ఇక్కడ హోటల్ అంటే తినే చోటు. పడుకునే చోటు లాడ్జి. పెద్దవాళ్లను "మంచి హోటల్ ఎక్కడ?" అని అడిగితే గది చూపించరు, ఇడ్లీ చూపిస్తారు. హోటళ్లలోనూ రకాలున్నాయి. పొద్దున పలహారాలతో మొదలై పదింటికల్లా కట్టేసేది టిఫిన్ హోటల్. నెలవారీ ఖాతాలతో ఉద్యోగులకూ విద్యార్థులకూ భోజనం పెట్టేది మెస్. మాంసాహారం వండేది మిలటరీ హోటల్. తాటాకు పాకలో రెండు బల్లలు, ఒక టీ పొయ్యి ఉంటే కాకా హోటల్. మీకు ఏది కావాలో తేల్చుకోకుండా బయలుదేరితే పెట్రోలు ఖర్చే మిగులుతుంది.

పాతదనంలోనూ మూడు తరగతులున్నాయి. మొదటిది నిజంగా పాతది: అదే చోటు, అదే కుటుంబం, అదే వంట. రెండోది పాతదాని వారసత్వం: పేరు పాతది, భవనం కొత్తది. కాకినాడ సుబ్బయ్య గారి హోటల్ ఈ కోవలోకి వస్తుంది. 1950లలో మెస్‌గా మొదలై ఇప్పుడు ఇతర నగరాల్లోనూ శాఖలు పెట్టింది. అయినా అరిటాకులో వడ్డనకు వడ్డన తగిలే ఆ పద్ధతి మాత్రం మెస్ నాటిదే. మూడోది పాత వేషం వేసుకున్నది. మూడింటికీ వెళ్లవచ్చు, తప్పేమీ లేదు. ఒకదాన్ని ఇంకొకటి అనుకుని వెళ్లడంలోనే చిక్కంతా ఉంది.

కాలం చూసుకుని బయలుదేరండి

డెల్టాలో తిండికి ఋతువులున్నాయి. గోదావరికి ఎర్రనీరు వచ్చే శ్రావణ భాద్రపదాల్లో పులస కోసం జనం ఎగబడతారు. సముద్రంలో ఇలసగా ఉన్న చేప నదికి ఎదురీది పులస అవుతుంది కాబట్టి ధర కూడా ఎదురీదుతుంది. ఆ రోజుల్లో మిలటరీ హోటళ్లలో బోర్డు మీద పులస పేరు చూడగానే నమ్మకండి. పచ్చి చేపను చూపించమని అడగండి. చూపించడానికి వెనకాడేచోట వేరే కూర తినండి. తాటికల్లు మాఘం నుంచి ఎండలు ముదిరేదాకా. తేగలు చలికాలం, ముంజలు ఎండాకాలం. కార్తీకమాసంలో మిలటరీ హోటళ్లు చిన్నబోతాయి, టిఫిన్ హోటళ్లు కిటకిటలాడతాయి. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల జనంతో భీమవరం చుట్టుపక్కల లాడ్జి గది దొరకదు. హోటల్ వంటవాళ్లూ సొంత ఊళ్లకు వెళ్లిపోతారు. పాత హోటళ్లు చూడాలనుకుంటే ఆ వారం వదిలేయండి.

రోజులో వేళ మరీ ముఖ్యం. నిజమైన పాత టిఫిన్ హోటల్ ఐదున్నర, ఆరు మధ్య తెరుచుకుంటుంది. రుబ్బిన పిండి అయిపోతే తొమ్మిదిన్నరకే బల్లలు తుడిచేస్తారు. "మధ్యాహ్నం దాకా వేడివేడి ఇడ్లీ" అని రాసిన చోటుకు మీ ఇష్టం. భోజనానికి పన్నెండున్నర లోపలే వెళ్లాలి. ఒంటిగంటన్నర దాటితే చారు పలచబడుతుంది, వడ్డించేవాడి ఓపిక కూడా.

పాత హోటల్ ఎక్కడ అని అడగకండి

ఈ ప్రశ్నతో అయిదారేళ్లు తిప్పలు పడ్డాను. "పాతది" అనగానే ఎదుటివాళ్లకు అవమానంగా తోస్తుంది. పాతది ఎందుకండీ, కొత్తగా ఏసీది పెట్టారు, అక్కడికి వెళ్లండి అంటారు. ఇప్పుడు ఇలా అడుగుతున్నాను: "మీ నాన్నగారు పట్నం వస్తే పెసరట్టు ఎక్కడ తినేవారండీ?" ఈ ఒక్క మాటతో మనిషి ముఖం మారిపోతుంది. దారి చెప్పడమే కాదు, కొందరు వెంట వచ్చి చూపిస్తారు.

అడగాల్సింది ఎవరిని? ఆటో డ్రైవర్లు తమకు అలవాటైన చోటికి తీసుకెళతారు. కోర్టు గుమాస్తాలు, రిటైరైన మాస్టార్లు, పాత సినిమా హాళ్ల ఎదుట కిళ్లీ కొట్టువాళ్లు మేలు. కోర్టుకు వాయిదాల మీద వచ్చేవాళ్ల ఆకలి తీర్చడానికి కోర్టు వీధుల్లో భోజన హోటళ్లు పుట్టాయి. రేవుల దగ్గర, బస్టాండ్ల దగ్గర, సంతల దగ్గర కూడా అంతే. అందుకే ఊరికి వెళ్లగానే మొదట కోర్టు, రేవు, సంత ఎక్కడో కనుక్కోండి. ఒకప్పుడు జనం ఎక్కడ ఆగేవారో అక్కడే పొయ్యి వెలిగింది.

బోర్డు చదవడం నేర్చుకోండి

నాకు ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కొంచెం సాగదీస్తాను. హోటల్ ఎప్పటిదో యజమానిని అడిగితే "మా తాతగారి కాలం నుంచీ" అంటారు. తాతలందరూ ఒకే కాలంవాళ్లు కాదు. బోర్డు మాత్రం అబద్ధం చెప్పదు.

అమలాపురంలో ఉన్న హోటల్ బోర్డు మీద "తూ.గో. జిల్లా" అని ఉంటే అది 2022 ఏప్రిల్ కంటే ముందు రాసినది. ఆ నెలలోనే జిల్లాలు విడిపోయి కోనసీమ వేరయింది. "రాజమండ్రి" అనే ఉంటే ఏమీ తేల్చలేము. 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయినా నాలుక మీద ఇప్పటికీ రాజమండ్రే. చిరునామాలో పిన్‌కోడ్ లేకపోతే ఆశ పెట్టుకోవచ్చు, ఎందుకంటే పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టులో. ఫోను నంబరు రెండు మూడు అంకెలే ఉంటే చెయ్యి చాపి ఆ బోర్డును తాకి రండి. ధరల పట్టికలో "న.పై." అని కనిపిస్తే అది 1957 తర్వాతిది, అణాలు పోయి నయాపైసలు వచ్చిన కాలం. ఇలాంటి పట్టికను వాడకంలో ఎక్కడా చూడలేదు గానీ, ఒక మెస్‌లో భోజనాల గది తలుపు వెనక, కొత్త రంగు కింద నుంచి ఆ రెండక్షరాలు నీడలా బయటపడటం చూశాను.

బోర్డు తర్వాత పైకప్పు చూడండి, నేల చూడండి. మంగుళూరు పెంకు దించినచోట వెనకవైపు ముద్ర ఉంటుంది. తయారుచేసిన కంపెనీ పేరు అచ్చులో పోసి ఉంటుంది. నేల ఎర్రగా, నున్నగా, అంచుల దగ్గర నల్ల గీతతో ఉంటే పాత సిమెంటు నేల. గల్లాపెట్టె దగ్గర ఆ నేల గుంటపడి ఉంటుంది. యాభై ఏళ్లు ఒకే చోట నిలబడి చిల్లర తీసుకున్న కాళ్ల పని అది. దాన్ని ఏ అలంకరణ కంపెనీ చెయ్యలేదు.

గోడ మీద రాతలు చదవండి. "అప్పు రేపు" అన్నది అందరికీ తెలిసినదే. "బయటి పలహారములు లోపల తినరాదు" లాంటి గ్రాంథికపు వాక్యం కనిపిస్తే ఆ గోడకు సున్నం వేశారు తప్ప ఆ మాట చెరపలేదని అర్థం.

తినేటప్పుడు ఏం గమనించాలి

నా మిత్రుడి పెసరట్టు దగ్గరికి వస్తాను. పెనం ఇనుపది, మధ్యలో కొంచెం లోతు పడి ఉంది. వంటాయన చీపురుకట్టతో నీళ్లు చిలకరించాడు. ఆవిరి చుయ్యిమంది. పొట్టుతో రుబ్బిన పెసరపిండి గరిటెతో పోసి, గిన్నె అడుగుతో తిప్పాడు. పైన సన్నగా తరిగిన ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర. అంచుల చుట్టూ నూనె. తిరగెయ్యలేదు. మధ్యలో ఉప్మా పెట్టి మడిచి అరిటాకు ముక్క మీద జార్చాడు. అల్లం పచ్చడిలో బెల్లం ముందు తగిలి, అల్లం ఘాటు తర్వాత గొంతులో దిగింది. గుర్తుపట్టాల్సింది ఇక్కడే: అట్టు అంచు కరకరలాడాలి, మధ్య భాగం మెత్తగా ఉండాలి, పెసల పచ్చి వాసన ఉండకూడదు. ఇవి మూడూ కుదిరితే ఆ పెనం వెనక నిలబడినవాడికి ఇంకెవరో నేర్పారన్నమాట.

పదార్థాల పట్టిక చిన్నదై ఉండాలి. ఇడ్లీ, గారె, పెసరట్టు, ఉప్మా, పూరీ, కాఫీ. నూడుల్స్ కూడా ఉందంటే ఆ హోటల్ మారిపోయింది. తప్పు పట్టడం లేదు, వాళ్లూ బతకాలి.

భోజన హోటల్లో అయితే కూర్చునే పద్ధతి తెలుసుకోండి. ఎదురుగా తెలియని మనిషి కూర్చుంటాడు, ముఖం చిట్లించకండి. అరిటాకు మీద నీళ్లు చిలకరించుకుని తుడుచుకోండి. పప్పు, నెయ్యి ముందు. తర్వాత కూర, పచ్చడి. పులుసు, చారు, చివర పెరుగు. వడ్డించేవారిని "బాబూ" అని కేకేయకుండా చెయ్యి పైకెత్తితే చాలు. వద్దనుకుంటే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టండి. గోదావరి జిల్లాల్లో నోటితో "వద్దు" అంటే అది మొహమాటం కింద లెక్క, ఇంకో గరిటె పడుతుంది. ఫొటో తీయాలంటే గల్లాపెట్టె దగ్గర పెద్దాయనను అడగండి. వంటగదిలోకి కెమెరా పట్టుకుని వెళ్లిపోకండి.

దారి ఎలా వేసుకోవాలి

మూడు రోజులుంటే బాగా తిరగవచ్చు. రాజమండ్రితో మొదలుపెట్టండి. టిఫిన్ తర్వాత కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్ తాగండి. డెబ్బై ఏళ్లు దాటిన దుకాణం అది. గ్లాసెడు చల్లటి గులాబీ పాలు, నిలబడి తాగి గ్లాసు ఇచ్చేయడమే, కూర్చునే ముచ్చట లేదు. అక్కడి నుంచి ధవళేశ్వరం వెళ్లి ఆనకట్ట చూడండి. కాటన్ దొర 1852లో పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది బ్యారేజీ. తిండికీ దీనికీ సంబంధమేమిటంటారా? ఇక్కడి నుంచి కాలువలు పారాకే డెల్టా వరిచేలతో నిండింది. బియ్యం అంత దండిగా ఉండబట్టే ఒక భోజన హోటల్ అన్నం లెక్కపెట్టకుండా వడ్డించగలిగింది. ఆత్రేయపురం మీదుగా వెళితే బోర్లించిన కుండ మీద పలచటి రేకు తీసే ఇళ్లు కనిపిస్తాయి. ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

రెండో రోజు కోనసీమ. అంబాజీపేటలో పొట్టిక్కల కోసం పొద్దున్నే చేరుకోవాలి. పనసాకులను ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పగానే తెల్లటి పిండి మీద పనసాకు ఈనెల గుర్తులు ముద్రలా పడి ఉంటాయి. ఆ వాసన పనసదీ కాదు, పిండిదీ కాదు. అది తిన్నాక స్టీలు పళ్లెంలో ఇడ్లీ ఏదో బట్టలు విప్పినట్టు అనిపిస్తుంది. అమలాపురం మీదుగా ముక్తేశ్వరం చేరి, రేవు నడుస్తుంటే పడవ మీద గౌతమి దాటి కోటిపల్లి వెళ్లండి. తర్వాత రామచంద్రపురం. ఇక్కడ పుట్టిన ఆర్టోస్ కూల్‌డ్రింకు 1919 నాటి వ్యాపారం. బహుళజాతి కంపెనీల సీసాల మధ్య ఇంకా నిలబడి ఉంది. దుకాణంలో పేరుపెట్టి అడగండి, లేకపోతే వేరేది చేతిలో పెడతారు. దగ్గర్లోనే తాపేశ్వరం, అక్కడ మడత కాజా. రాత్రికి కాకినాడ, అక్కడ గొట్టం కాజా. రెండూ కాజాలే అయినా మడతది పొరలు పొరలుగా విరుగుతుంది, గొట్టంది కొరకగానే పాకం గడ్డం మీదికి కారుతుంది. చొక్కా చూసుకోండి.

మూడో రోజు పడమటి వైపు పెట్టుకుంటే పాలకొల్లు, నరసాపురం, భీమవరం. పాలకొల్లులో దిబ్బరొట్టె తినకుండా రాకండి. పిండిని మందపాటి గిన్నెలో పోసి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టి కాలుస్తారు. అరగంటకు తక్కువ పట్టదు. తొందరపెట్టినవాడికి అడుగున మాడినది, మధ్యలో పచ్చిది దొరుకుతుంది. వెళ్లగానే చెప్పేసి, రొట్టె తయారయ్యేలోపు కొంతసేపు క్షీరారామ గోపురం కింద నిలబడి రండి.

తాగే చోట్ల సంగతి

పాత అలంకరణలతో బార్లు ఇక్కడా మొదలయ్యాయి. నలుపు తెలుపు సినిమా పోస్టర్లు, గోడకు అతికించిన గ్రామఫోను రికార్డులు, పసుపు బల్బులు. కూర్చోవడానికి బాగానే ఉంటాయి. అవి చెప్పుకునే వయసును మాత్రం నమ్మకండి. ఆంధ్రప్రదేశ్‌లో 1995లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టి 1997లో సడలించారు. కాబట్టి "1970 నుంచి నిరంతరాయంగా" అని రాసుకున్న బారు ఉంటే, ఆ రెండేళ్లూ ఏం అమ్మారని మర్యాదగా అడగండి.

పాతదనం కావాలంటే యానాం వైపు చూస్తారు కొందరు. కాకినాడకు ముప్ఫై కిలోమీటర్ల దూరం, 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరు, ఇప్పటికీ పుదుచ్చేరి పాలన కిందే ఉంది. ఫ్రెంచి వాతావరణం ఊహించుకుని వెళితే ప్లాస్టిక్ కుర్చీలు, చీకటి గదులు, వేయించిన రొయ్యలు ఎదురవుతాయి. రొయ్యలు మాత్రం తాజాగా ఉంటాయి. ఫ్రెంచి తనం కోసం బారుకు కాదు, గోదావరి గట్టుకు వెళ్లి సాయంత్రం కూర్చోండి. ఈఫిల్ టవర్‌ను పోలిన కట్టడం కూడా ఒకటి ఉంది, అది మన అలంకరణ హోటల్ కోవలోదే. రెండు జాగ్రత్తలు: చవక అని సీసా సంచిలో వేసుకుని వంతెన దాటకండి, సరిహద్దు దాటితే అది ఎక్సైజ్ కేసు. తాగినవాడు బండి నడపకూడదు. ఇక ఆంధ్రలో మద్యానికి 21 ఏళ్లు నిండాలి.

అన్నిటికన్నా పాత బారు తాటిచెట్టు. నిద్రలేవగానే, సూర్యుడు కొబ్బరి తలల మీదికి రాకముందే గీత కార్మికుడు లొట్టి దించుతాడు. అప్పుడు తియ్యగా ఉంటుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులవకుండా నీరాగా నిలుస్తుంది. పూయకపోతే పూట గడిచేసరికి పులుపు, మధ్యాహ్నానికి మత్తు. చెట్టు దిగింది కళ్లారా చూసిన కల్లే తాగండి. తాటాకు దొప్పలో పోస్తే పెదవులకు ఆకు పచ్చివాసన తగులుతుంది. నేను ఒక దొప్పకు మించి తాగను, రుచి కోసం అంతే అని మా ఆవిడకు చెబుతుంటాను.

వేషం వేసిన హోటల్‌కు వెళ్లినప్పుడు

పిల్లలూ పెద్దలూ కలిసి వెళ్లడానికి ఇవి హాయిగా ఉంటాయి. మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి. ఈ విషయంలో నిజమైన పాత హోటళ్లను వెనకేసుకు రాలేను. కానీ బిల్లు కట్టేముందు రెండు మూడు చూడండి. గ్రామఫోనుకు ముల్లు ఉందా? రేడియోకు తీగ ఉందా? స్తంభం చెయ్యి పెట్టి చూస్తే టేకా, సిమెంటు మీద చెక్క రంగా? స్తంభం టేకుదైతే ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. చాలావరకు కూల్చిన మండువా లోగిళ్ల నుంచి కొన్నవే. ఒకచోట చేతులు కడుక్కునే తొట్టి చూసి ఆగిపోయాను. అది రుబ్బురోలు. మధ్య గుంటకు చిల్లు పెట్టి గొట్టం బిగించారు. మా అమ్మమ్మ దాని ముందు కూర్చుని పొత్రం తిప్పుతుంటే పక్కన కూర్చుని పిండి తోసిన చేతులే నావి. ఆ రోజు చేతులు కడుక్కోకుండానే బయటికి వచ్చాను. వంట మాత్రం బాగుంది, గోంగూర మాంసం ఇంకోసారి అడిగి వడ్డించుకున్నాను.

రాసిపెట్టుకోండి

తిని మరిచిపోతే లాభం లేదు, ఇవి ఏటా కొన్ని మూతపడుతున్నాయి. కొడుకులు విదేశాల్లో ఉంటారు, పొయ్యి దగ్గర నిలబడేవాళ్లుండరు. బోర్డు ఫొటో ఒకటి, ధరల పట్టిక ఫొటో ఒకటి, తేదీ, తిన్న పదార్థాలు, వంటాయన ఎన్నేళ్లుగా ఉన్నాడో. వీలైతే పొయ్యి ఏదో కూడా రాయండి: కట్టెలా, పొట్టా, గ్యాసా. వరిపొట్టు పొయ్యి కనిపిస్తే ఇంకో టీ ఎక్కువ తాగి చూసి రండి.

తిరుగు రైలుకు కాజాలు కట్టించుకోండి, పూతరేకులు పెట్టెలో పైన పెట్టుకోండి, నలిగిపోతాయి. పొట్టిక్కలు మాత్రం పొట్లం కట్టించుకోవద్దు. చల్లబడితే పనసాకు పిండికి అతుక్కుపోతుంది. దాన్ని అంబాజీపేటలోనే, బల్ల ముందే, ఆవిరి పోకముందే విప్పాలి.